స్టోరేజీ టెండర్లలో కేబుల్ పీకే పరీక్ష పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ కళాశాలలు, ఓ మోస్తరు ఆస్పత్రులు, సహకార బ్యాంకులు, పురపాలక కార్యాలయాలు తమ సర్వర్లకు ఉమ్మడి స్టోరేజీ కొనుక్కుంటున్నాయి. రెండు మూడు సర్వర్లు పెట్టి, వాటి మీద పదో ఇరవయ్యో వర్చువల్ మెషిన్లు (సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లు) నడుపుతారు. డిస్కులన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి, నెట్‌వర్క్ మీదుగా సర్వర్లకు అందుతాయి. పద్ధతి మంచిదే. ఒక సర్వర్ పడిపోతే దాని మీది మెషిన్లను పక్క సర్వర్ మీద లేపుకోవచ్చు. చిక్కంతా కొనే తీరులో ఉంది. టెండర్ కాగితంలో 'ఎన్ని టెరాబైట్లు, ఎంత ధర' అన్న గడులే ఉంటాయి. పెట్టె వస్తుంది, ఆఫీసు కంప్యూటర్లను నెట్‌వర్క్‌లో కలిపే స్విచ్చికే దాన్నీ తగిలిస్తారు, సర్వర్‌లో కొత్త డిస్కు కనబడగానే సంతకం పెట్టేస్తారు. ఒక కేబుల్ ఊడితే, ఒక స్విచ్చికి కరెంటు పోతే రోగుల రికార్డులూ పరీక్షల మార్కులూ ఉన్న డేటాబేసు నిలబడుతుందా లేదా అని ఎవరూ చూడరు. ఆ పరీక్షను టెండర్‌లోనే రాసి, అది నెగ్గాకే బిల్లు చెల్లించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం. ఈ పని నెత్తిన పడిన సిస్టమ్ అడ్మిన్లకూ ల్యాబ్ సిబ్బందికీ అక్కరకొస్తుందని కొంత వివరంగానే రాస్తున్నాం. పెద్దదైనా కోయకుండా వేయమని మనవి.

ఫైల్ షేరింగ్ వేరు, బ్లాక్ స్టోరేజీ వేరు. ఫైల్ షేరింగ్‌లో పెట్టె ఫైళ్ళు ఇస్తుంది, ఎవరెవరు ఏ ఫైలు తెరిచారో లెక్క అదే చూసుకుంటుంది. బ్లాక్ స్టోరేజీలో పెట్టె ఇచ్చేది ఉత్త డిస్కు. దాన్ని ఫార్మాట్ చేసుకునేదీ, ఫైల్ సిస్టమ్ (ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో చూసుకునే ఏర్పాటు) నడుపుకునేదీ సర్వరే. మన దగ్గర ఎక్కువగా వాడేది ఐస్కజీ (iSCSI). డిస్కుకు వెళ్ళే స్కజీ (డిస్కులతో మాట్లాడే భాష) ఆదేశాలను టీసీపీలో (నెట్‌వర్క్‌లో డేటాను వరసగా చేర్చే పద్ధతి) చుట్టి మామూలు ఈథర్‌నెట్ మీద పంపే పద్ధతి అది. 2004లో ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 3720గా ప్రమాణమైంది, 2014లో ఆర్ఎఫ్‌సీ 7143గా సవరించి ఒకచోట చేర్చారు. టీసీపీ పోర్టు నంబరు 3260. డిస్కు ఇచ్చే వైపు టార్గెట్, తీసుకునే వైపు ఇనీషియేటర్, ఇచ్చే డిస్కు లన్. రెండు వైపులా ఐక్యూఎన్ అనే పొడవాటి పేర్లుంటాయి.

సర్వర్ తన డిస్కే అనుకుని వాడుకుంటుంది కాబట్టి, ఒకే లన్‌ను రెండు సర్వర్లకు చూపించి రెండింటిలోనూ ఈఎక్స్‌టీ4 గానీ ఎక్స్‌ఎఫ్ఎస్ గానీ (రెండూ లినక్స్ ఫైల్ సిస్టమ్‌లే) మౌంట్ చేస్తే, అంటే వాడుకకు తెరిస్తే, డేటా నాశనమవుతుంది. ఖాళీ బ్లాకుల (డిస్కులోని చిన్న గడుల) పట్టిక ఒక్కో సర్వర్ తన మెమరీలో ఉంచుకుంటుంది. పక్కవాడు ఏ బ్లాకు వాడేశాడో దానికి తెలియదు, అదే బ్లాకులో తనూ రాసేస్తుంది. అప్పటికప్పుడు ఏ ఎర్రరూ రాదు. తర్వాతెప్పుడో రీబూట్ చేసినప్పుడు బయటపడుతుంది, అప్పటికి బ్యాకప్‌లో కూడా పాడైన ఫైళ్ళే చేరి ఉంటాయి. 'చదవడానికే కదా' అని రెండో సర్వర్‌లో రీడ్ ఓన్లీగా మౌంట్ చేయడమూ ప్రమాదమే, జర్నల్‌లో (చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే చోట) పెండింగ్ ఉంటే అలాంటి మౌంట్ కూడా దాన్ని డిస్కు మీద రాసేస్తుంది. ఒకే లన్‌ను నలుగురు వాడాలంటే దానికి తగిన ఏర్పాటు కావాలి. వీఎంవేర్‌లో వీఎంఎఫ్ఎస్, లినక్స్‌లో జీఎఫ్ఎస్2, ఓసీఎఫ్ఎస్2 అనే ఫైల్ సిస్టమ్‌లు అందుకే ఉన్నాయి. ప్రాక్స్‌మాక్స్ (వర్చువల్ మెషిన్లు నడిపే సాఫ్ట్‌వేర్) క్లస్టర్‌లో లన్ మీద మామూలు ఎల్‌వీఎం (డిస్కును వాల్యూములనే భాగాలుగా పంచే లినక్స్ ఏర్పాటు) పెట్టి పంచుకోవచ్చు, వాడినకొద్దీ చోటు కేటాయించే ఎల్‌వీఎం థిన్ మాత్రం పంచుకోకూడదు.

ఇక నెట్‌వర్క్. డబ్బులు మిగుల్చుకోవాలని చూసే చోటు ఇదే, దెబ్బ తగిలేదీ ఇక్కడే. స్టోరేజీకి రెండు విడి స్విచ్‌లు కావాలి. ప్రతి సర్వర్ నుంచి రెండు నెట్‌వర్క్ పోర్టులు, ఒక్కో స్విచ్చికి ఒక్కటి. స్టోరేజీ పెట్టెలో రెండు కంట్రోలర్లు (డిస్కులను నడిపే బోర్డులు) ఉంటే ఒక్కో కంట్రోలర్ నుంచి రెండు స్విచ్‌లకూ కేబుళ్ళు వెళ్ళాలి. మొదటి దారికి 10.10.1.0, రెండో దారికి 10.10.2.0 ఇలా రెండు వేర్వేరు సబ్‌నెట్లు (విడి ఐపీ చిరునామాల వరసలు) ఇవ్వండి. రెండు పోర్టులనూ ఒకే సబ్‌నెట్‌లో పెడితే లినక్స్ రూటింగ్ పట్టికలో మొదట ఉన్న పోర్టు నుంచే మొత్తం బయటికి పంపుతుంది. చూడటానికి సెషన్లు (సర్వర్‌కూ స్టోరేజీకీ మధ్య కనెక్షన్లు) రెండు కనబడతాయి, నడిచే తీగ ఒక్కటే. ఆ ఒక్కటీ ఊడితే రెండూ పోతాయి. కొన్ని పెట్టెలు ఒకే సబ్‌నెట్ ఉండాలంటాయి. అప్పుడు ఒక్కో సెషన్‌ను ఒక్కో పోర్టుకు కట్టే బైండింగ్ తప్పనిసరిగా చేయాలి.

రెండు పోర్టులను కలిపి ఎల్ఏసీపీ బాండ్ చేస్తే వేగం రెట్టింపవుతుందని వెండర్లు చెబుతుంటారు. ఒక టీసీపీ సెషన్ ఎప్పుడూ ఒక తీగ మీదే నడుస్తుంది కాబట్టి ఒక సర్వర్‌కు, ఒక టార్గెట్‌కు మధ్య అది రెట్టింపు కాదు. ఐస్కజీకి బాండింగ్ బదులు మల్టీపాత్ (ఒకే డిస్కుకున్న రెండు దారులనూ సర్వరే చూసుకునే పద్ధతి) వాడండి. వేగం విషయానికొస్తే 1 గిగాబిట్ తీగ మీద సెకనుకు 110 మెగాబైట్ల పైచిలుకే వస్తుంది, పది వర్చువల్ మెషిన్లు పంచుకుంటే ఒక్కోదానికి పెన్‌డ్రైవ్ వేగం కూడా మిగలదు. ఇవాళ కొనేవాళ్ళు 10 గిగాబిట్ కంటే తక్కువ కొనకండి. ఒకే ర్యాక్‌లో అయితే రెడీమేడ్ డీఏసీ కేబుళ్ళు (రెండు చివర్లా కనెక్టర్లతో వచ్చే పొట్టి రాగి కేబుళ్ళు) చాలు. మామూలు ఈథర్‌నెట్ తీగే కావాలంటే క్యాట్ 6ఏ వేయించండి, మామూలు క్యాట్ 6 మీద 10 గిగాబిట్ 55 మీటర్లకు మించి నమ్మలేం. చేత్తో క్రింప్ చేసిన కేబుళ్ళను స్టోరేజీ దగ్గరికి రానివ్వొద్దు.

జంబో ఫ్రేముల (పెద్ద సైజు నెట్‌వర్క్ ప్యాకెట్ల) గురించి ఓ మాట. ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) మామూలు 1500 బదులు 9000 పెడితే ప్రాసెసర్ భారం కొంత తగ్గే మాట నిజమే. కానీ సర్వర్‌లో 9000, స్టోరేజీలో 9000 పెట్టి మధ్యలో స్విచ్చిని 1500 దగ్గరే వదిలేస్తే ఏమవుతుందో చూడండి. లాగిన్ అవుతుంది. డిస్కు కనబడుతుంది, దాని సైజూ సరిగ్గానే చూపిస్తుంది. ఇవన్నీ చిన్న ప్యాకెట్లు కదా. ఫార్మాట్ చేయబోతేనో, పెద్ద ఫైలు కాపీ చేయబోతేనో ఉన్నచోట ఉండిపోతుంది. స్విచ్ పెద్ద ఫ్రేముల్ని కిక్కురుమనకుండా పారేస్తుంది కాబట్టి ఎక్కడా కారణం కనబడదు. వెండరేమో డిస్కు చెడిపోయిందంటాడు. ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో 8972 బైట్ల పింగ్ (అవతలి యంత్రం జవాబిస్తుందో లేదో చూసే ప్యాకెట్) పంపితే అర నిమిషంలో తేలిపోతుంది. 9000లో ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ హెడర్ 8 పోగా మిగిలేది 8972. ఆ పింగ్ రెండు దారుల్లోనూ, ప్రతి సర్వర్ నుంచీ వెళ్ళాలి. స్విచ్చిలో 9216 పెట్టుకోండి. స్విచ్ సెట్టింగులు మార్చే మనిషి దగ్గర లేకపోతే మాత్రం 1500తోనే నడుపుకోవడం మేలు.

స్విచ్చిలో ఇంకోటి ఉంది. స్టోరేజీ, సర్వర్ పోర్టులను స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య డేటా గిరగిరా తిరగకుండా చూసే ఏర్పాటు) ఎడ్జ్ పోర్టులుగా, అంటే వెంటనే తెరుచుకునేవిగా, పెట్టాలి. లేకపోతే పాత రకం స్పానింగ్ ట్రీలో తీగ తగిలించాక 30 సెకన్ల దాకా పోర్టు డేటా పంపదు. సర్వర్ బూటయ్యే వేళ ఆ 30 సెకన్లు చాలు, లన్ దొరకలేదని ఊరుకోవడానికి.

స్టోరేజీ పెట్టె కొనే స్తోమత లేని కళాశాలలు మంచి సర్వర్ ఒకటి తీసుకుని లినక్స్‌తోనే టార్గెట్ తయారు చేసుకోవచ్చు. 2011 నుంచీ ఎల్ఐఓ అనే టార్గెట్ సాఫ్ట్‌వేర్ లినక్స్ కెర్నల్‌లో భాగంగానే ఉంది, దాన్ని నడిపే సాధనం టార్గెట్ సీఎల్ఐ. క్రమం ఇది: ఎల్‌వీఎంలో ఒక వాల్యూమ్ చేయాలి. టార్గెట్ సీఎల్ఐలో దాన్ని బ్లాక్ బ్యాక్‌స్టోర్‌గా (బయటికిచ్చే అసలు డిస్కుగా) చేర్చాలి. ఐస్కజీ కింద టార్గెట్ సృష్టించి, దానికి లన్‌ను జత చేసి, ఏసీఎల్‌లో (అనుమతి ఉన్నవాళ్ళ జాబితాలో) ఒక్కో సర్వర్ ఐక్యూఎన్ రాయాలి. ఫైల్ బ్యాక్‌స్టోర్ (వాల్యూమ్ బదులు ఒక ఫైలునే డిస్కుగా ఇవ్వడం) తేలికగా కనబడుతుంది గానీ దాని రైట్ బ్యాక్ మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది. రాశానని సర్వర్‌కు చెప్పిన డేటా ఇంకా మెమరీలోనే ఉండగా కరెంటు పోతే అది పోయినట్టే. టార్గెట్ సృష్టించగానే పోర్టల్ (సర్వర్లు వచ్చి కలిసే ఐపీ చిరునామా, పోర్టు) 0.0.0.0 మీద తెరుచుకుంటుంది, అంటే ఆఫీసు నెట్‌వర్క్ నుంచి కూడా అందుతుంది. దాన్ని తీసేసి రెండు స్టోరేజీ ఐపీల మీద రెండు పోర్టల్స్ పెట్టండి. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాల్లో ఏసీఎల్ అక్కర్లేకుండా, పాస్‌వర్డ్ లేకుండా ఎవరొచ్చినా రాయనిచ్చే డెమో మోడ్ ఆదేశం తరచూ ఉంటుంది. దాన్ని కాపీ చేసిన చోట ఏ విద్యార్థి ల్యాప్‌టాప్ అయినా ఆ నెట్‌వర్క్‌కు తగిలితే మీ డిస్కును ఫార్మాట్ చేయగలదు. చాప్ పాస్‌వర్డ్ పెట్టుకోండి. విండోస్ కూడా ఉంటే 12 నుంచి 16 అక్షరాల మధ్య ఉండాలి. చాప్ ఎవరు వచ్చారో చూస్తుందే తప్ప డేటాను గుప్తీకరించదు కాబట్టి, స్టోరేజీ వీలాన్ (స్విచ్చిలో విడదీసిన నెట్‌వర్క్ భాగం) విడిగానే ఉండాలి.

బయటికొచ్చేటప్పుడు టార్గెట్ సీఎల్ఐ సెట్టింగులను తానే సేవ్ చేస్తుంది, మధ్యలో కనెక్షన్ తెగితే చేయదు. సేవ్ కాన్ఫిగ్ ఆదేశం మీరే ఇచ్చి, టార్గెట్ సర్వీసును బూట్‌లో లేచేలా ఎనేబుల్ చేయండి. అది మరచిపోతే మొదటి రీబూట్‌తో టార్గెట్ మాయం. ఇంకో చిక్కు రీబూట్ అయ్యేదాకా కనబడదు. సర్వర్ ఆ లన్ మీద తన ఎల్‌వీఎం పెట్టుకుంటే, టార్గెట్ మెషిన్ మళ్ళీ లేచేటప్పుడు ఆ వాల్యూమ్ గ్రూపును తనదే అనుకుని యాక్టివేట్ చేసేస్తుంది. ఆపై ఎల్ఐఓ ఆ డిస్కును తెరవబోతే వాడుకలో ఉందంటుంది, లన్ లేవదు. టార్గెట్ మెషిన్ ఎల్‌వీఎం కాన్ఫిగ్‌లో గ్లోబల్ ఫిల్టర్ రాసి, బయటికిచ్చే వాల్యూముల లోపలికి అది తొంగిచూడకుండా ముందే ఆపాలి. ఇలాంటి ఒంటరి టార్గెట్‌కు ఎన్ని దారులేసినా పెట్టె ఒక్కటేనన్నది మరవొద్దు, దాని మదర్‌బోర్డు పోతే అన్నీ ఆగుతాయి.

సర్వర్ వైపు మొదట చూడాల్సింది ఇనీషియేటర్ పేరు. ఒక సర్వర్‌ను ఇన్‌స్టాల్ చేసి దాని ఇమేజ్‌తో మిగతావి తయారు చేస్తే అన్నింటికీ ఒకే ఐక్యూఎన్ వచ్చేస్తుంది. అప్పుడు రెండో సర్వర్ లాగిన్ కాగానే, మొదటి సర్వరే మళ్ళీ వచ్చిందనుకుని టార్గెట్ పాత సెషన్‌ను తెంపేస్తుంది. మొదటిది మళ్ళీ లాగిన్ అవుతుంది, ఈసారి రెండోదాన్ని తెంపుతుంది. రెండు సర్వర్ల లాగ్ ఫైళ్ళలోనూ కొన్ని సెకన్లకోసారి కనెక్షన్ ఎర్రర్ 1020 కనబడుతుంటే కేబుల్ మార్చే ముందు ఐక్యూఎన్‌లు పోల్చి చూడండి. ఐస్కజీ ఐనేమ్ ఆదేశం కొత్త పేరు ఇస్తుంది. దాన్ని ఇనీషియేటర్ నేమ్ ఫైల్లో రాసి, ఐస్కజీ సర్వీసు తిరిగి మొదలుపెట్టి, టార్గెట్ ఏసీఎల్‌లోనూ మార్చాలి.

తర్వాత డిస్కవరీ, అంటే టార్గెట్‌ను వెతికి కనుక్కోవడం. ఒక పోర్టల్‌ను అడిగితే టార్గెట్ తనకున్న పోర్టల్స్ అన్నీ చెప్పేస్తుంది, మీకు అందనివి కూడా. వాటిని జాబితాలోంచి తీసేయకపోతే ప్రతి బూట్‌లోనూ వాటికోసం సర్వర్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. రెండు దారుల్లోనూ లాగిన్ అయ్యాక ఒకే లన్ రెండు డిస్కులుగా కనబడుతుంది. వాటిని కలిపి ఒకటిగా చూపేది మల్టీపాత్. ఫార్మాట్, మౌంట్ అన్నీ ఆ కలిపిన పేరు మీదే చేయాలి, విడి డిస్కుల మీద కాదు. విండోస్ సర్వర్‌లో ఎంపీఐఓ (విండోస్ మల్టీపాత్) ఫీచర్ వేసి, ఐస్కజీ డిస్కులకు సపోర్ట్ టిక్ పెట్టి, రీబూట్ చేసి, లాగిన్ చేసేటప్పుడు మల్టీపాత్ టిక్ కూడా పెడితేనే డిస్కు ఒక్కటిగా కనబడుతుంది. లినక్స్ ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏవి మౌంట్ చేయాలో చెప్పే ఫైల్లో) డిస్కును యూయూఐడీతో (ఫైల్ సిస్టమ్‌కుండే ప్రత్యేక గుర్తుతో) రాయండి. నెట్‌డెవ్, నోఫెయిల్ ఆప్షన్లు చేర్చండి. మొదటిది నెట్‌వర్క్ లేచాకే మౌంట్ చేయిస్తుంది, రెండోది లన్ రాకపోయినా సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఇరుక్కోకుండా చూస్తుంది.

రెండు దారులుండీ డేటాబేసు పడిపోయే చోట్ల అసలు కారణం దాదాపు ఎప్పుడూ టైమౌట్లే. లినక్స్ ఇనీషియేటర్ 5 సెకన్లకోసారి టార్గెట్‌ను పలకరిస్తుంది, మరో 5 సెకన్లు జవాబు కోసం చూస్తుంది. జవాబు రాకపోతే కనెక్షన్ తెగిందని తేల్చుకుంటుంది. కానీ ఆ సంగతి మల్టీపాత్‌కు వెంటనే చెప్పదు. రీప్లేస్‌మెంట్ టైమౌట్ అనే గడువు దాకా, మళ్ళీ కలుస్తుందేమోనని ఆగుతుంది. ఆ గడువు మొదట 120 సెకన్లుగా ఉంటుంది. రెండో దారి పక్కనే ఖాళీగా ఉన్నా రెండు నిమిషాల పాటు రాతలన్నీ నిలిచిపోతాయి, ఈలోగా అప్లికేషన్ చేతులెత్తేస్తుంది. మల్టీపాత్ ఉన్నచోట దాన్ని 5 సెకన్లు చేయండి. కాన్ఫిగ్ ఫైల్లో మారిస్తే చాలదు. అంతకుముందే డిస్కవరీ అయిన టార్గెట్ల రికార్డుల్లో పాత విలువే ఉండిపోతుంది, వాటినీ అప్‌డేట్ చేసి లాగౌట్, లాగిన్ చేయాలి. కొత్త మల్టీపాత్ వెర్షన్లు దీన్ని తామే తగ్గిస్తాయి గానీ ఊహించుకోవద్దు. సెషన్ వివరాల్లో రికవరీ టైమౌట్ ఎంతుందో కళ్ళతో చూడండి. సర్వర్ బూట్ డిస్కే ఐస్కజీ మీదుండి దారి ఒక్కటే అయితే మాత్రం లెక్క తలకిందులు, అక్కడ గడువు పెంచాలి.

రెండు దారులూ పోతే ఏం చేయాలన్నది నో పాత్ రీట్రై అనే మల్టీపాత్ సెట్టింగు చెబుతుంది. దాన్ని క్యూ అని పెడితే ఎర్రరే రాదు, ఎంతకాలమైనా ఆగుతుంది. ప్రాసెస్‌లు చంపినా చావవు, షట్‌డౌన్ కూడా పూర్తికాదు. ఫెయిల్ అని పెడితే చిన్న కుదుపుకే ఈఎక్స్‌టీ4 రీడ్ ఓన్లీ అయిపోతుంది, ఎక్స్‌ఎఫ్ఎస్ మూతపడుతుంది. పోలింగ్ (దారులు బాగున్నాయో లేదో మల్టీపాత్ చూడటం) 5 సెకన్లకోసారి ఉంటే 12 అని రాయండి, ఒక నిమిషం ఓపిక పడుతుంది. మేనేజ్డ్ స్విచ్ రీబూట్ కావడానికి రెండు మూడు నిమిషాలు పట్టే చోట దాన్ని బట్టి పెంచుకోండి.

డిస్కుల లెక్క కూడా టెరాబైట్లతో తేలదు. 7200 ఆర్‌పీఎం డిస్కు ఒకటి సెకనుకు సుమారు 80 చిన్న పనులు (చదవడమో రాయడమో) చేయగలదు. అలాంటివి 12 ఉంటే 960. కానీ రెయిడ్ 6లో (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే అమరిక) ఒక చిన్న రాతకు ఆరు డిస్కు పనులు పడతాయి, మిగిలేవి 160 రాతలు. అవే డిస్కులు రెయిడ్ 10లో (ప్రతి డిస్కుకూ జంట డిస్కు ఉండే అమరిక) 480 ఇస్తాయి. కంట్రోలర్ కాష్ (తాత్కాలిక మెమరీ) కొంత ఆదుకున్నా రోజంతా ఆదుకోదు. డేటాబేసుకు ఎస్ఎస్‌డీలు, ఫైళ్ళకూ సీసీ కెమెరా రికార్డింగులకూ రెయిడ్ 6 అని విడదీసి కొనుక్కోవడం తెలివైన పని. థిన్ ప్రొవిజనింగ్‌తో (వాడినకొద్దీ చోటు కేటాయించే పద్ధతి) ఉన్నదానికంటే ఎక్కువ పంచితే 80 శాతం దగ్గర అలారం పెట్టుకోండి. పూల్ (లన్‌లన్నీ పంచుకునే ఉమ్మడి చోటు) నిండితే అందులోని లన్‌లన్నీ ఒకేసారి రాతలకు మొరాయిస్తాయి, కొత్తగా రాసిన లన్ ఒక్కటే కాదు.

వేసవిలో కరెంటు కోతలున్న ఊళ్ళలో స్టోరేజీ యూపీఎస్ మీద, స్విచ్‌లు గోడ ప్లగ్ మీద ఉండటం మామూలు దృశ్యం. జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లకే స్విచ్‌లు రెండూ రీబూట్ అవుతాయి, సర్వర్లు బతికే ఉండి డిస్కులు పోగొట్టుకుంటాయి. స్విచ్‌లు తప్పనిసరిగా యూపీఎస్ మీదే ఉండాలి, వీలైతే రెండు వేర్వేరు యూపీఎస్‌ల మీద. మొత్తం ఆపేటప్పుడు ముందు సర్వర్లు, తర్వాత స్టోరేజీ, ఆఖర్న స్విచ్‌లు. లేపేటప్పుడు స్విచ్‌లు, స్టోరేజీ, సర్వర్లు.

టెండర్‌లో ఏం రాయాలో చెబుతాం. అసలు డేటా ఎక్కించక ముందు, సర్వర్ మీద ఫియో (డిస్కు వేగం పరీక్షించే) సాధనాన్ని 4 కిలోబైట్ల ర్యాండమ్ రాతలతో, కాష్‌ను దాటే డైరెక్ట్ మోడ్‌లో, రాసినదాన్ని తిరిగి సరిచూసే వెరిఫై ఆప్షన్‌తో నడపాలి. డీడీ అనే కాపీ ఆదేశంతో కాపీ చేసి చూపించే వేగాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, అది మెమరీ వేగం కావచ్చు. ఫియో నడుస్తుండగానే మొదటి దారి కేబుల్ పీకాలి, ఐదు నిమిషాలాగి తిరిగి పెట్టాలి, మల్టీపాత్‌లో ఆ దారి మళ్ళీ యాక్టివ్ అయిందని చూశాకే రెండోది పీకాలి. తిరిగొచ్చిన దారిని చూడకుండా రెండోది పీకితే పరీక్షే ప్రమాదమవుతుంది. తర్వాత ఒక స్విచ్చికి కరెంటు తీయాలి. కంట్రోలర్లు రెండుంటే ఒకదాన్ని రీబూట్ చేయాలి. రెయిడ్‌లోంచి ఒక డిస్కు తీసి రీబిల్డ్‌కు ఎన్ని గంటలు పట్టిందో, ఆ గంటల్లో వేగం ఎంత పడిపోయిందో రాసుకోవాలి. ఆఖర్న అన్నీ ఆపి, మనిషి చేయి పెట్టకుండా లన్‌లు వాటంతటవే మౌంట్ అవుతాయో లేదో చూడాలి. ప్రతి పరీక్షలోనూ రాతలు ఎన్ని సెకన్లు ఆగాయో కాగితం మీదికెక్కాలి. దారి మారే పరీక్షల్లో 30 సెకన్లు దాటినా, వెరిఫైలో ఒక్క బ్లాకు తేడా వచ్చినా బిల్లు ఆపాలి. ఒక పూట పని ఇది, రీబిల్డ్ ఒక్కటే రాత్రంతా పట్టవచ్చు. ఆ కాగితం ఒక ప్రతి ఫైల్లో, ఒక ప్రతి ర్యాక్ తలుపు లోపలి వైపు ఉంచాలి. స్విచ్ మార్చినా, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసినా అవే పరీక్షలు మళ్ళీ చేసి కొత్త అంకెలు పాతవాటి పక్కన రాయాలి.

ఇట్లు,
సర్వర్ల నిర్వహణలో పనిచేసే కొందరు ఇంజినీర్లు,
విజయవాడ